13 డిగ్రీల అక్షాంశంలో ఫూకో లోలకం: చెన్నై మెట్ల మధ్య కట్టిన ప్రాజెక్టు డైరీ

దశ 0: కొనేముందు వేసిన లెక్క

భూమి తిరుగుతోందని ఇంట్లోనే చూపించడానికి మూడు దారులు పరిశీలించాం.

నక్షత్రాల జాడలు ఫొటో తీయడం అన్నిటికన్నా తేలిక. కెమెరాని ధ్రువం వైపు పెట్టి గంటసేపు షట్టర్ తెరిచి ఉంచితే చుక్కలు 15° చాపాలు గీస్తాయి. అయితే ఆ ఫొటోలో ఆకాశం తిరిగిందో మనం తిరిగామో తేలదు. 476లో పుట్టిన ఆర్యభటుడు చెప్పిన పడవ పోలిక సరిగ్గా ఇదే. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. చూపు ఒక్కదానితో ఏది కదిలిందో తేల్చలేం.

ఎత్తునుంచి గుండు వదిలి అది తూర్పుకి ఎంత జరిగి పడిందో చూడడం రెండో దారి. మాకున్న 8.6 మీటర్ల ఎత్తుకి ఆ జరుగుడు 0.54 మి.మీ. మాత్రమే. వదిలేటప్పుడు చెయ్యి వణికితే వచ్చే తేడాయే అంతకన్నా ఎక్కువ. కాబట్టి వదిలేశాం.

మూడోది లోలకం. 1851లో లియోన్ ఫూకో పారిస్ పాంథియాన్‌లో 67 మీటర్ల తీగకి 28 కిలోల గుండు వేలాడదీసి చూపించినది. ఊగే గుండు తన తలాన్ని పట్టుకుని ఉంటే కింద నేల తిరుగుతుంది, దాంతో మనకి ఆ తలమే మెల్లగా తిరిగినట్టు కనిపిస్తుంది. ఊగే తలం గంటకి ఎంత తిరగాలో ఈ లెక్క చెబుతుంది (15.041 అంటే భూమి గంటకి తిరిగే డిగ్రీలు):

15.041 × సైన్ (అక్షాంశం)

పారిస్‌లో ఇది గంటకి 11.3°. ఢిల్లీలో ఒక చుట్టుకి దాదాపు 50 గంటలు పడుతుంది. మా మెట్లు టీ.నగర్‌లో, 13.04° ఉత్తర అక్షాంశం దగ్గర. ఇక్కడ రావాల్సింది గంటకి 3.39°, పూర్తి చుట్టుకి 106 గంటలు. ఇక్కడ ప్రాజెక్టు కష్టమంతా ఈ అంకెలోనే ఉంది. పారిస్‌లో గంటకి 2° తప్పు వచ్చినా ఫలితం కనిపిస్తుంది. చెన్నైలో అదే తప్పు సగానికి పైగా మింగేస్తుంది.

మీ ఊళ్లో కడితే ఎంత రావాలో ముందే రాసిపెట్టుకోండి:

- బెంగళూరు: గంటకి 3.38°, చుట్టుకి 106.6 గంటలు
- తిరుపతి: 3.54°, 101.6 గంటలు
- విజయవాడ: 4.27°, 84.2 గంటలు
- హైదరాబాదు: 4.49°, 80.1 గంటలు
- విశాఖపట్నం: 4.57°, 78.8 గంటలు

ఉత్తరార్ధగోళం కాబట్టి పైనుంచి చూస్తే తలం గడియారం ముళ్లు తిరిగే వైపే తిరగాలి.

దశ 1: మొదటి సరంజామా, మొదటి రోజే పోయిన తీగ

1. షాట్‌పుట్ ఇనుప గుండు, 7.26 కిలోలు: ₹1,850
2. మెలివేసిన ఉక్కు తాడు, 2 మి.మీ., 10 మీటర్లు: ₹220
3. పై అంతస్తు మెట్ల మధ్య అడ్డంగా ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) పైపు, క్లాంపులు: ₹780
4. కింద ఇసుక తొట్టె: ₹300

మొత్తం ఇప్పటికి: ₹3,150. మంచి కొలతలు: 0.

మెలి తాడు పనికిరాదు. బరువు పడగానే పోగులు విచ్చుకోవడం మొదలై గుండు తనచుట్టూ తాను తిరిగింది. తాడు సాగుతూ మళ్లీ వెనక్కి మెలిపడింది, అది ఆగే సూచనే లేదు. ఒంటి పోగు తీగ తప్ప వేరేది కొనకండి. మేము 0.6 మి.మీ. మ్యూజిక్ వైరుకి (పియానో తీగల్లాంటి గట్టి ఉక్కు తీగ) మారాం. ఇది చుట్టగా వస్తుంది, చుట్ట వంపు తీగలోనే ఉండిపోతుంది. ఒక రాత్రంతా పూర్తి బరువు వేలాడదీసి ఉంచాకే వాడాలి. 7.26 కిలోలకి ఇది 10–11 మి.మీ. సాగుతుంది, కింద ఖాళీ వదిలేటప్పుడు దాన్నీ కలుపుకోవాలి.

చెన్నై గాలికి ఈ తీగ నాలుగు రోజుల్లో తుప్పు చుక్కలు పట్టింది. తుప్పు గుంట పడ్డ చోటే తీగ తెగుతుంది. కుట్టుమిషన్ నూనె గుడ్డకి అద్ది పైనుంచి కిందిదాకా ఒకసారి తుడిస్తే చాలు, కారేంత పూయక్కర్లేదు.

తీగ తెగితే కొరడాలా పైకి ఎగిరి కళ్లకి తగలొచ్చు. దగ్గరికి వెళ్లేటప్పుడు కళ్లజోడు తప్పనిసరి. గుండుకీ ఇసుకకీ మధ్య 10 సెం.మీ. మించి ఖాళీ ఉంచకండి. కొలత జరుగుతున్నంతసేపూ కింది మెట్టు దగ్గర తాడు కట్టి, పిల్లలు రాకుండా చూడాలి.

దశ 2: తిరుగుతోంది గానీ తప్పుగా తిరుగుతోంది

ఈ దశలో వాడే రెండు మాటలు ముందు చెప్పుకుందాం. గుండు మధ్య నుంచి చివరికి వెళ్లే దూరం *ఊపు*. గుండు సరళరేఖ మీద కాకుండా సన్నటి దీర్ఘవృత్తంలో పోతున్నప్పుడు, మధ్యలో అది గీతకి పక్కగా జరిగే దూరం *ఉబ్బు*.

దిక్కులకి ఉత్తరం అక్కర్లేదు. గోడ వెంబడి 0° అనుకున్నాం, పైపు కూడా అదే దిక్కున ఉంది. ఊపు 40 సెం.మీ.తో వదిలి 40 నిమిషాల చొప్పున చూస్తే:

- 45° దిక్కున వదిలితే: గంటకి 1.2°
- 135° దిక్కున వదిలితే: గంటకి 5.7°

రెండూ గడియారం ముళ్ల వైపే. రెండో కొలత ఒక్కటే చేసి ఉంటే "భూమి తిరుగుతోంది" అని సంబరపడి ఆగిపోయేవాళ్లం. తలం తిరగడం ఒక్కటే రుజువు కాదని అక్కడే తేలింది. ఏ దిక్కున వదిలినా ఒకే వేగంతో తిరగాలి, అప్పుడే అది భూమి పని. దిక్కుని బట్టి మారితే అది మన పైకప్పు పని. ఆ తర్వాత చేసిన ప్రతి మార్పునీ ఈ ఒక్క పరీక్షతోనే జల్లెడ పట్టాం.

రెండు కొలతల్లోనూ చివరికి ఉబ్బు దాదాపు 10 మి.మీ. ఉంది. 45° లో అది గడియారానికి ఎదురు వైపు, 135° లో గడియారం వైపు. ఉబ్బు ఉన్న లోలకం భూమితో పనిలేకుండానే తలాన్ని తిప్పుకుంటుంది, ఉబ్బు ఏ వైపు తిరిగితే ఆ వైపే. మా పొడవుకి లెక్క:

తప్పుడు వేగం (గంటకి డిగ్రీలు) = 0.111 × ఊపు × ఉబ్బు (రెండూ సెం.మీ.లో)

ఊపు సగటున 36, ఉబ్బు సగటున 0.55 వేస్తే 2.2° వస్తుంది. 3.39 లోంచి తీసేస్తే 1.2, కలిపితే 5.6. కొలిచిన అంకెలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. మీ తీగ పొడవు వేరైతే 0.111 స్థానంలో అంకె మారుతుంది. పొడవు రెట్టింపైతే ఆ అంకె 5.7వ వంతుకి పడిపోతుంది. పొడవాటి లోలకాలు ఎందుకు తేలికో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఉబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? 1879లో కామెర్లింగ్ ఓన్నెస్ గ్రోనింగెన్‌లో తన పరిశోధనలో విడమర్చింది ఈ చిక్కునే. పట్టు, అంటే తీగని పైన పట్టి ఉంచే భాగం, రెండు దిక్కుల్లో ఒకేలా గట్టిగా లేకపోతే, లోలకం రెండు దిక్కుల్లో రెండు వేర్వేరు పొడవులున్నట్టు ఊగుతుంది. కంటికి కనిపించని ఈ తేడాని డయల్ గేజ్‌తో (సన్నటి కదలికని అంకెగా చూపే పరికరం) ఇలా కొలవచ్చు:

1. డయల్ గేజ్‌ని అయస్కాంతపు స్టాండుతో పైపుకి తగలని చోట బిగించండి.
2. గేజ్ మొన తీగ పట్టుకి ఆనించండి.
3. స్ప్రింగు త్రాసుతో పట్టుని పక్కకి లాగండి, మీ గుండు బరువు ఎంతో సరిగ్గా అంత బలంతో.
4. గేజ్ అంకె రాసుకుని, 90° తిరిగి మళ్లీ లాగండి.

ఆ దిక్కులో లోలకం ఎంత పొడవు "పెరిగిందో" గేజ్ నేరుగా చూపిస్తుంది. మా పైపు వెంబడి 0.04 మి.మీ., పైపుకి అడ్డంగా 0.44 మి.మీ. తేడా 0.40 మి.మీ. ఎనిమిదిన్నర మీటర్ల తీగలో అర మిల్లీమీటరు కూడా లేదు, అయినా 40 నిమిషాల్లో సెంటీమీటరు ఉబ్బు తేవడానికి సరిపోయింది.

పైపు తీసేశాం. 150 × 150 × 10 మి.మీ. ఎంఎస్ పలకని నాలుగు ఎం10 యాంకర్ బోల్టులతో స్లాబుకి బిగించాం. మొదట ప్లాస్టరు మీదే బిగిస్తే గేజ్ 0.11 చూపింది. ప్లాస్టరు చెక్కేసి కాంక్రీటుకి ఆనేలా బిగించాక ఒక దిక్కున 0.03, ఇంకో దిక్కున 0.02.

ఖర్చు: పలక ₹600, బోల్టులు ₹160, డయల్ గేజ్ స్టాండుతో ₹1,450, స్ప్రింగు త్రాసు ₹290. మొత్తం ఇప్పటికి: ₹5,650.

గేజ్ కొనడం దండగ అనిపించొచ్చు. ఈ ప్రాజెక్టులో మిగతా ఏ వస్తువు లేకపోయినా ఏదో ఒకటి సర్దుకోవచ్చు, గేజ్ లేకపోతే మాత్రం నెలలు గుడ్డిగా పోతాయి.

దశ 3: తెగిన తీగ, కొత్త పట్టు, కొత్త గుండు

తీగని పట్టడానికి మామూలు డ్రిల్ చక్ (డ్రిల్ మిషన్‌లో బిట్టుని పట్టే దవడలు, ₹350) వాడాం. మొత్తం 11 గంటల ఊగుడు, అంటే సుమారు 6,700 డోలనాల తర్వాత చక్ దవడ అంచు దగ్గర తీగ తెగింది. గుండు ఇసుకలో పడింది, నష్టం లేదు.

తెగడానికి కారణాలు రెండు. దవడ అంచు తీగ మీద గాటు పెట్టింది. రెండోది పెద్దది: ఊగేటప్పుడు తీగ వంపు అంతా పట్టు కింద 4 మి.మీ. లోపలే జరుగుతుంది. గుండు బరువుతో తీగ మీద పడే ఒత్తిడి 250 మెగాపాస్కల్. 40 సెం.మీ. ఊపుతో ఆ 4 మి.మీ.లో వంపు ఒత్తిడి దానికి పైన ఇంకో 660. ప్రతి ఊపుకీ ఇటూ అటూ అంత వంగితే గాటు పడ్డ తీగ ఎక్కువ కాలం నిలవదు.

మార్పులు:

1. తీగ 0.8 మి.మీ.కి, ఊపు 32 సెం.మీ.కి. వంపు ఒత్తిడి 420 దగ్గరికి దిగింది.
2. చక్ స్థానంలో ఈఆర్‌11 కొలెట్, అంటే చీలికలున్న బిగింపు ముక్క, 1 మి.మీ. సైజు (0.5 నుంచి 1 వరకూ పడుతుంది). చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది, అంచు గాటు పెట్టదు. కొలెట్ పట్టే గొట్టాన్ని పలక మధ్య రంధ్రంలో వెల్డు చేయించకండి, వేడికి వంకర పోతుంది. బిగుతుగా దింపి పక్కనుంచి రెండు గ్రబ్ స్క్రూలు (తల లేని స్క్రూలు) వేస్తే చాలు.
3. షాట్‌పుట్ గుండు తీసేశాం. గాజు పలక మీద పెడితే ప్రతిసారీ ఒకే వైపు కిందికి దొర్లి ఆగింది. అంటే బరువు మధ్యలో లేదు. దాని బదులు 110 మి.మీ. అడ్డుకొలత, 110 మి.మీ. ఎత్తు ఉన్న ఉక్కు స్తంభం లేతు మీద తీయించాం. తీగ రంధ్రాన్ని కూడా అదే బిగింపులో, తీసి మళ్లీ పెట్టకుండా వేయించడం ముఖ్యం. సగం ఎత్తు దగ్గర చుట్టూ 2 మి.మీ. గాడి కూడా తీయించాం, దాని అవసరం కింద వస్తుంది. తూకం 8.1 కిలోలు.

ఖర్చు: మ్యూజిక్ వైరు ₹500, చక్ ₹350, కొలెట్, గొట్టం ₹900, లేతు పని ఉక్కుతో సహా ₹2,740. మొత్తం ఇప్పటికి: ₹10,140. ఊగిన గంటలు: 11. మంచి కొలతలు: ఇంకా 0.

100 డోలనాలకి 589.9 సెకన్లు పట్టింది. టేపుతో ఎనిమిదిన్నర మీటర్లు సరిగ్గా కొలవడం కష్టం కాబట్టి కాలం నుంచే పొడవు లెక్కగట్టాం: 8.62 మీటర్లు.

దశ 4: వదలడం, గాలి, చారన్ రింగు

చేత్తో వదిలితే ఉబ్బు తప్పదు. దారంతో పక్కకి కట్టి, దారం కాల్చి వదలాలి.

1. నూలు దారమే వాడండి. నైలాన్ వేడికి ముడుచుకుని, తెగేలోపే గుండుని పక్కకి లాగుతుంది.
2. దారం గాడిలో, అంటే బరువు మధ్య ఎత్తులో పడాలి. పైన కడితే గుండు తల ఊపుతుంది.
3. కట్టాక 15 నిమిషాలు ఆగండి.
4. కొవ్వొత్తి వద్దు, మంట వేడి గాలిని లేపుతుంది. అగరొత్తి నిప్పు ఆనిస్తే దారం చటుక్కున తెగుతుంది.

మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక మెట్ల మధ్య జాగా పొగగొట్టంలా పనిచేస్తుంది. కిటికీలు మూసినా గుండు దానంతట అదే 4 మి.మీ. కదిలింది. కొలతలన్నీ రాత్రి ఒంటిగంట నుంచి నాలుగున్నర మధ్యకి మార్చాం. ప్రతిసారీ ముందు పది నిమిషాలు గుండుని ఊరికే వేలాడనివ్వండి. అర మిల్లీమీటరు మించి కదిలితే ఆ రాత్రి కొలత మానుకోవడమే మంచిది.

ఇంత చేసినా గంట చివరికి 2–3 మి.మీ. ఉబ్బు వస్తూనే ఉంది. దీనికి మందు 1931లో చారన్ అనే పరిశోధకుడు వాడిన రింగు. తీగ చుట్టూ, పట్టుకి కొంచెం కింద ఒక లోహపు రింగు ఉంటుంది. ప్రతి ఊపు చివరా తీగ రింగుకి తగులుతుంది. ఆ క్షణంలో పక్కకి జారే కదలిక రాపిడిలో చచ్చిపోతుంది, ఊగే కదలిక దాదాపు అలాగే మిగులుతుంది.

మా రింగు ఇత్తడిది. లోపలి అడ్డుకొలత 20 మి.మీ., పట్టుకి 40 సెం.మీ. కింద, అంచు గుండ్రంగా నునుపు చేసినది. ఊపు సుమారు 21 సెం.మీ. పైన ఉన్నంతసేపే తీగ దానికి తగులుతుంది. 32 తో మొదలుపెడితే దాదాపు 40 నిమిషాలు పనిచేస్తుంది, ఆ తర్వాత మిగిలిన 20 నిమిషాల్లో ఉబ్బు పెరగడానికి సమయం చాలదు.

మొదటి మూడు రాత్రులు రింగు మేలు కన్నా కీడే చేసింది. మధ్యకి 1 మి.మీ. పక్కగా ఉండడంతో తీగ ఒక వైపు ముందే తగిలేది. తలం కొంచెం తిరిగి అక్కడే అంటుకుపోయినట్టు ఆగింది. రింగుని మూడు స్క్రూల మీద నిలబెట్టి, తీగ నిశ్చలంగా ఉన్నప్పుడు మూడు వైపులా వెర్నియర్‌తో కొలిచి 0.1 మి.మీ. లోపలికి తెచ్చాక సరిపోయింది. తీగ మీది నూనె రింగు తగిలే చోట మాత్రం స్పిరిట్‌తో తుడిచేయాలి. నూనె ఉంటే రాపిడి లేదు, రాపిడి లేకపోతే రింగు ఉన్నా లేనట్టే.

ఖర్చు: రింగు ₹480, కొలత పలక వగైరా ₹620. మొత్తం: ₹11,240. ఇందులో షాట్‌పుట్ గుండు, మెలి తాడు, పైపు, చక్ కలిపి ₹3,200 వృథా. మీరు నేరుగా దశ 3 సరంజామాతో మొదలుపెడితే ₹8,040 అవుతుంది. ఊగిన గంటలు: 20.

దశ 5: కొలిచిన తీరు, ఎనిమిది రాత్రులు

20 సెం.మీ. దూరంలో 1° అంటే మూడున్నర మిల్లీమీటర్లు. కంటితో చూసి గీత పెడితే ఒక డిగ్రీ తప్పు మామూలే. అందుకే ఫోను కెమెరాని మొదటి అంతస్తు రెయిలింగుకి బిగించి తిన్నగా కిందికి చూసేలా పెట్టాం. గుండు పైభాగాన తెల్ల చుక్క అంటించాం. ఆ చుక్క ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తున్న నాలుగు చెక్క దిమ్మల మీద గుర్తులు పెట్టి, వాటితో ఫొటో వంకర సరిచేశాం. గుర్తులు నేల మీద పెడితే ఎత్తు తేడా వల్ల కోణం తప్పుతుంది. ప్రతి పది నిమిషాలకి 24 సెకన్ల వీడియో, అంటే నాలుగు డోలనాలు. చుక్క దారికి దీర్ఘవృత్తం సరిపెట్టి దిక్కూ ఉబ్బూ రెండూ తీసుకున్నాం.

ఒక్కో దిక్కున రెండుసార్లు, గంట చొప్పున (గంటకి డిగ్రీలు):

- 0°: 3.6, 3.4
- 45°: 3.0, 3.2
- 90°: 3.2, 3.3
- 135°: 3.7, 3.5

సగటు 3.36, దాని అనిశ్చితి 0.08. రావాల్సింది 3.39. ఊగిన గంటలు: 28. మంచి కొలతలు: 8.

ఎనిమిదీ గడియారం వైపే, ఎనిమిదీ 3 కి 3.7 కి మధ్యే. దశ 2 లో 1.2, 5.7 గా విడిపోయిన దిక్కులు ఇప్పుడు 3.1, 3.6 దగ్గరికి వచ్చాయి. గోడలు, స్లాబు, కెమెరా, పలక, అన్నీ భూమితో పాటే తిరుగుతున్నాయి. వాటన్నిటికీ భిన్నంగా తన తలాన్ని వీలైనంత పట్టుకుని ఉన్నది ఆ గుండొక్కటే.

అయినా 45° ప్రతిసారీ తక్కువ, 135° ప్రతిసారీ ఎక్కువ. యాదృచ్ఛికం అనలేం. 0°, 90° దిక్కుల మధ్య పట్టులో ఇంకా కొంచెం అసమానత ఉంటే సరిగ్గా ఇలాగే, ఒకటి తగ్గి ఒకటి పెరిగి వస్తుంది. నాలుగు దిక్కుల సగటు తీస్తే అది కొట్టుకుపోతుంది కాబట్టి 3.36 కి ఢోకా లేదు.

దశ 6: మిగిలిన తేడా ఎవరిది?

స్లాబుదా, కొలెట్‌దా తేల్చడానికి ఒకటే మార్చాం: గ్రబ్ స్క్రూలు వదులు చేసి కొలెట్ గొట్టాన్ని తీగతో సహా 90° తిప్పి మళ్లీ బిగించాం. పలక, బోల్టులు ముట్టుకోలేదు. రింగు మధ్య మళ్లీ సరిచూసుకున్నాం.

- 45°: 3.6
- 135°: 3.2

తేడా తిరగబడింది. స్లాబు తప్పయితే అలాగే ఉండాలి. కొలెట్‌తో పాటు తిరిగింది కాబట్టి తప్పు కొలెట్‌లోనో, దాని కింద వంగే ఆ కొన్ని మిల్లీమీటర్ల తీగలోనో ఉంది. తీగ విప్పి ఆ చివరని చదునైన గాజు మీద దొర్లిస్తే ఒక వైపు సన్నటి వంపు కనిపించింది, చుట్ట నుంచి వచ్చిన పాత వంపే. బరువుతో రాత్రంతా వేలాడదీసినా కొలెట్ లోపల బిగిసిన ముక్క మాత్రం నిఠారు కాలేదు. కొత్త తీగని ముందు కొలెట్ లేకుండా రెండు అడుగులు పైకి వదిలి కట్టి, నిఠారయ్యాక ఆ భాగాన్ని కొలెట్‌లోకి దింపి మిగిలింది కత్తిరించాలి.

ఊగిన గంటలు: 30. మంచి కొలతలు: 10. కొత్త తీగ ఇప్పుడు బరువుతో వేలాడుతోంది.